కిటికీ దగ్గర చెప్పే మాట

1941 ఆగస్టు 4, సోమవారం

ఈ రోజు చాయ్ ముందు ఆమెకు ఇచ్చారు.

ఆగస్టు 5, మంగళవారం

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేశాను. ఇంకేమైనా రాస్తే పాళీకి కాగితం చిరిగేది. ఈ రోజు కాస్త చల్లబడ్డాను.

డాక్టర్ మొహియుద్దీన్ సాబు ఇల్లు దవాఖాన వెనకే. రోజూ పదకొండింటికి బేగం సాబా కెటిల్ నిండా చాయ్ పంపిస్తుంది. తెచ్చేది ఆ ఇంటి ముసలి నౌకరు లాల్ మహమ్మద్. ముందు డాక్టర్ సాబుకు, తర్వాత నాకు, అడుగున మిగిలింది ఆయాకు. నేను వచ్చిన ఐదేళ్ళ నుంచీ ఇదే వరుస. ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ఫర్మానాలాగే నడిచింది. ఎంతమంది ఆయాలు వచ్చారు, పోయారు. అందరూ అడుగు చాయే తాగారు. నేను కాంపౌండర్‌ని. మిషన్ ఆస్పత్రిలో పని నేర్చుకుని, సర్టిఫికెట్ పట్టుకుని ఇబ్రహీంపట్నం వచ్చినదాన్ని.

నిన్న ఆ ముసలాయన నా టేబుల్ పక్క నుంచే నడిచిపోయి, గుమ్మంలో ఎవరి పిల్లనో ఎత్తుకుని నిలబడ్డ కొత్త ఆయా తాజున్నీసా చేతికి కప్పు ఇచ్చాడు. ఆ తర్వాత వెనక్కి వచ్చి నాకు పోశాడు. ఏం తాతా, దారి తప్పావా అని అడిగాను. నవ్వుతూనే అడిగాను. పోరి పొద్దుగాలకెల్లి నిలవడే ఉన్నది బిడ్డా, గొంతు ఎండిపోయింది, నీకంటె కుర్చీ ఉన్నది గద అన్నాడు. నా కుర్చీయే నాకు శత్రువైంది! డాక్టర్ సాబు అంతా చూశాడు. మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆమె ఆ చాయ్ సగం తాగి, మిగతా సగం ఆ పిల్ల తల్లికి ఇచ్చింది. అదీ నాకు నచ్చలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

సెలవు. ఈ రాజ్యంలో సెలవంటే శుక్రవారం. ఆదివారం నాడు నేను సీసాలు కడుగుతూ మనసులో కీర్తనలు పాడుకోవాలి. దానికీ అలవాటు పడ్డాను.

నేను అద్దెకుండే ఇల్లు శ్యామలమ్మది. పొద్దున బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుని, గా తాజు పిల్ల మస్తు మంచిది, మొన్న దవాఖానకు వస్తె నా మోకాళ్ళ నొప్పి సంగతి సుత అడిగింది అన్నది. ఐదేళ్ళుగా ఈమె ఇంట్లో ఉంటున్నాను. ఈమె మోకాళ్ళు నొస్తాయని నాకు తెలియదు. అడగాలని తట్టలేదు. నేను మందులిచ్చే మనిషిని, అడిగితే మందు ఇస్తాను.

నా మొహం చూసి ఏం అర్థమైందో, ముందొచ్చిన చెవుల కన్న వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పకపకా నవ్వింది. చేటలో బియ్యం ఎగిరిపడ్డాయి.

తాజున్నీసాది రావిర్యాల. మొగుడు కలరాలో పోయాడు, అత్తవాళ్ళు వెళ్ళగొట్టారు. చంకలో ఒక మూటతో ఎండాకాలంలో వచ్చింది. చదువు రాదు. టింక్చర్‌ను ఎర్రమందు అంటుంది, కార్బాలిక్‌ను గబ్బుమందు అంటుంది. ఊళ్ళవాళ్ళు కూడా ఇప్పుడు అట్లాగే అడుగుతున్నారు. ఆమె సెలవు పెట్టిన రోజు బడంగ్‌పేట నుంచి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయి, గా నవ్వే పిల్ల లేదా అని అడిగారు. నేను ఉన్నాను కదా అన్నాను. నువ్వు ఉన్నవ్ గని అని ఊరుకున్నారు. ఆ 'గని' రెండు రోజులు నా చెవిలో తిరిగింది.

ఆగస్టు 13, బుధవారం

డాక్టర్ సాబు ఇద్దరినీ పిలిచాడు. శహరులో నవాబు గారి బంగళా, దేవిడీ నుంచి కబురు వచ్చిందట. డబ్బు తీసుకోని ఈ ఖైరాతీ దవాఖాన పెట్టించింది ఆ నవాబు గారే, మా జీతాలు వచ్చేదీ ఆ దేవిడీ నుంచే. ఇక్కడి నుంచి ఒక ఆడమనిషిని పెద్ద ఆస్పత్రిలో మిడ్‌వైఫ్ ట్రైనింగ్‌కు పంపిస్తారు. ఏడాది. తిరిగి వచ్చాక పర్మనెంట్. ఉండటానికి క్వార్టర్. రంజాన్ పండుగ అయ్యాక పేరు రాసి పంపాలి. ఒక్కరి పేరే.

చదువు రాకున్నా పర్వాలేదట. ఈ మాట ఎవరి కోసం అన్నాడు?

ఐదేళ్ళుగా నేను టెంపరరీ. నవాబు గారికి విసుగు పుట్టిన రోజు నా కుర్చీ పోతుంది, గది పోతుంది. మెదక్‌లో అన్న ఉన్నాడు, వదిన ఉంది. ఆ ఇంట్లో నాకు పీట కూడా వేయరు. ఇది రాకపోతే నాకు ఇంకేమీ రాదు. అంత సూటి సంగతి.

బయటికి వచ్చాక తాజున్నీసా నా చెయ్యి పట్టుకుని, నువ్వు పోతవ్ గదక్క, నువ్వు పోతే నాకు మనసున పట్టదు అన్నది. ఎంత తెలివి! లేకపోతే ఎంత తెలివితక్కువ. రెండింటిలో ఏదో తెలిస్తే నా ప్రాణం కుదుటపడేది.

ఆగస్టు 21, గురువారం

ఇవాళ ఒక పని బాగా చేశాను. ఎవరూ చూడలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటాను.

మిక్స్చర్‌కు ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకుంటారు. నూనె సీసా, అత్తరు సీసా, ఏది దొరికితే అది. డోసు ఎంతో తెలియడానికి కాగితం పట్టీ అతికిస్తాం. పట్టీని డోసులెన్నో అన్ని మడతలు పెట్టి, అంచున కత్తెరతో ఒక్క గాటు పెడితే, విప్పినప్పుడు వరసగా గాట్లు ఉంటాయి. మైదా జిగురు రాసి సీసాకు అతికిస్తే చదువు రాని వాళ్ళు కూడా ఒక్కో గాటు చూసుకుని తాగుతారు. ఇవాళ ఒక వంకర సీసా వచ్చింది. కింద బుడ్డి, పైన సన్నం. గాట్లు సమానంగా ఉంటే డోసులు సమానంగా రావు. నేను మడత పెట్టకుండా, కింద దగ్గరదగ్గరగా, పైకి పోయేకొద్దీ దూరంగా చేత్తోనే కోశాను. ఆ సీసా డాక్టర్ సాబు చేతిలో కాసేపు ఉంది. ఆయన గాట్లవైపు చూడనే లేదు.

ఇంకొకటి కూడా ఆయనకు తెలియదు. నేను వచ్చిన మొదటి ఏడాది మహేశ్వరం నుంచి ఒక తండ్రి దగ్గు తగ్గలేదని కొడుకును మళ్ళీ తెచ్చాడు. నా పట్టీ ఆ పిల్లవాడి మెడలో నల్లదారానికి కట్టి ఉంది! ఇక్కడ అందరూ దర్గాకు పోతారు, హిందువులైనా ముసల్మానులైనా. అక్కడ రాసిచ్చిన కాగితం చేతికో మెడకో కడతారు. రోగానికి ఇచ్చిన కాగితం ఏదైనా వాళ్ళకు అంతే. అది దగ్గు మందు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి కిటికీలో సీసా ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరికీ వాళ్ళ భాషలోనే చెబుతాను. ఇది తాయెత్తు గాదు, పీకొద్దు, ఒక గాటుకు ఒక్కపారి. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు. నేను తయారు చేసుకున్నది. అది చెప్పకుండా ఒక్క సీసా నా చెయ్యి దాటలేదు.

ఐదేళ్ళలో ఒక్క శాబాష్ కూడా రాలేదు. నేనేమీ అడుక్కోవడం లేదు. ఊరికే రాస్తున్నాను.

ఆగస్టు 26, మంగళవారం

రేపటి నుంచి కిటికీలో తాజున్నీసా.

నేను లోపల మందు కలిపి, పట్టీ అతికించి ఇస్తే, ఆమె కిటికీ దగ్గర నిలబడి పేరు పిలిచి సీసాలు ఇస్తుందట. ఆమె మాట అంటే జనానికి ఇష్టమట. నీ చెయ్యి మంచిది లీదియా, ఆమె నోరు మంచిది, రెండూ కలిస్తే దవాఖాన బాగుపడుతుంది అన్నాడు డాక్టర్ సాబు. ఐదేళ్ళకు ఒక మంచి మాట వచ్చింది. వస్తూ వస్తూ సగం ఆమెకు పంచిపెట్టి వచ్చింది.

ఆగస్టు 27, బుధవారం

పొద్దున కిటికీ తలుపులు తీస్తూ, జర చెప్పక్క, సీసాలు ఇచ్చేటప్పుడు వాళ్ళకు ఏమన్న చెప్పాల్నా అని అడిగింది.

ఏముంది, పట్టీ మీద గాట్లు ఉన్నాయి, చూస్తే తెలుస్తుంది అన్నాను.

అంతేనా అక్క అన్నది. అంతే అన్నాను.

నోరు మంచిది కదా. ఆ మంచి నోటికి నా మాట ఎందుకు?

సెప్టెంబరు 9, మంగళవారం

పని మీద మనసు లేదు. ఇది ఎప్పుడు మొదలైందో ఆలోచిస్తున్నాను.

జీతం అదే. సీసాలు అవే. డాక్టర్ సాబు అదే మనిషి, గొంతు పెంచడు, తిట్టడు. మొదట్లో నేను పొద్దున అందరికంటే ముందు వచ్చి, తాళం తీసి, మెజర్ గ్లాసులు వేడినీళ్ళతో కడిగేదాన్ని. ఎవరూ చెప్పలేదు. నాకే హాయిగా ఉండేది. ఇప్పుడు కూడా అన్నీ కడుగుతాను, తప్పు చేయను. కానీ గోడ గడియారం వైపు చూస్తున్నాను. ఈ గడియారం ఇంత చప్పుడు చేస్తుందని నాకు ఇంతకుముందు తెలియదు. కడుపుకు జీతం చాలు. పనికి జీతం చాలదేమో. ఒక కప్పు చాయ్ వేళకు, వరుసలో, నా ముందుకు రావాలి. అంత చిన్నదానికి ఇంత కడుపుమంట ఉంటుందని ఎవరైనా చెబితే నేనే నవ్వేదాన్ని.

కిటికీ అవతల నవ్వులు. నేను గోడ వైపు తిరిగి మందు కలుపుతాను.

సెప్టెంబరు 24, బుధవారం

రంజాన్ ఉపవాసపు రోజాలు మొదలయ్యాయి. చాయ్ లేదు. కెటిల్ లేదు కాబట్టి వరుస కూడా లేదు. నాకు కాస్త శాంతి.

వానల తర్వాత జ్వరాలు విరగబడ్డాయి. క్వినైన్ కలిపిన కొయినా మిక్స్చర్ జాడీలకు జాడీలు ఖాళీ అవుతోంది. తాజున్నీసా రోజా ఉండి పొద్దుటి నుంచి కిటికీలో నిలబడుతుంది. పెదవులు తెల్లగా ఎండిపోతాయి. కూర్చో అని స్టూలు ఇవ్వవచ్చు. ఇవ్వలేదు. నేను తెర చాటుకు పోయి నీళ్ళు తాగి వస్తాను.

సెప్టెంబరు 30, మంగళవారం

ఎవరో ఆమెకు బుట్టెడు సీతాఫలాలు తెచ్చి ఇచ్చారు. నయమైందట. నయం చేసింది ఎవరు? నా మిక్స్చర్. నేను ఎప్పుడైనా ఒక్క కాయ ఎరుగుదునా?

ఆమె బుట్ట మొత్తం నా టేబుల్ మీద పెట్టి, నాకు రోజా గదక్క, నువ్వు తిను, సాయంత్రానికి మెత్తగైతయ్ అన్నది. పారేద్దామనుకున్నాను. తిన్నాను. తియ్యగా ఉన్నాయి. అది ఇంకా మంట.

అక్టోబరు 6, సోమవారం

గుంపు ఎక్కువ. రావిర్యాల నుంచి భూలక్ష్మి అని ఒకామె కూతుర్ని తెచ్చింది. పిల్ల పేరు బుచ్చి, ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల. చలిజ్వరం. కొయినా మిక్స్చర్ రాశాడు డాక్టర్ సాబు. కలిపాను, పట్టీ అతికించాను, కిటికీకి అందించాను.

వాళ్ళిద్దరిదీ ఒకే ఊరు. కిటికీలో ముచ్చట్లు. తాజున్నీసా నవ్వుతోంది, భూలక్ష్మి నవ్వుతోంది, జ్వరంలో ఉన్న పిల్ల కూడా నవ్వింది. సీసా చేతులు మారుతుండగా ఆ మాట నా నోటి దాకా వచ్చింది. లోపలి నుంచే అరవొచ్చు. రెండు అడుగులు వేసి చెప్పొచ్చు.

మింగాను. అడిగితే చెబుదామనుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

అక్టోబరు 8, బుధవారం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున దవాఖాన తీయగానే భూలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. భుజం మీద బుచ్చి గుడ్డపేలికలా వేలాడుతోంది. దారి పొడుగునా కక్కిందట, కళ్ళు తేలేసిందట, రెండుసార్లు మూర్ఛ వచ్చి కొట్టుకుందట. డాక్టర్ సాబు ట్యూబ్ వేసి కడుపు కడిగాడు. నేను బేసిన్ పట్టుకున్నాను. పిల్ల చెయ్యి నా చేతిమీద పడింది. మోచేతి పైన నల్లదారం. దారంలో మడిచి కుట్టిన తెల్ల కాగితం. అంచున గాట్లు.

నా గాట్లు. నేను గుర్తుపట్టనా?

భూలక్ష్మి ఏడుస్తూ చెప్పింది. గా కాగితం మహిమ గలదనుకొని పిల్ల చేతికి కట్టిన తల్లీ, మందు ఎంత పొయ్యాల్నో ఎరుకలేదు, చేదున్నది గద, దినాం ఏడిపిచ్చుడెందుకు, ఒక్కపారి పట్టిస్తే పీడ పోతదని సగం సీసా పట్టిచ్చిన, జ్వరం తొందర్గ తగ్గుతదనుకున్న అన్నది. ఇట్ల చెయ్యొద్దని ఎవ్వలు చెప్పలె అన్నది.

ఎవ్వలు చెప్పలె.

అక్టోబరు 9, గురువారం

బుచ్చి బతికే ఉంది. లోపలి గదిలో పడుకోబెట్టాం.

డాక్టర్ సాబు ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు. ఇన్నేళ్ళలో ఇట్లాంటిది ఒక్కటీ జరగలేదు, ఇప్పుడే ఎట్లా జరిగింది అన్నాడు. జరగకపోవడం వెనక ఎవరున్నారో చెప్పాలని ఉబలాటం నాకు. నేను ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని, తాయెత్తు కాదు, పీకొద్దు, ఒక గాటుకు ఒక్కసారి అని, చెప్పనిదే సీసా ఇచ్చేదాన్ని కాదు అన్నాను. గర్వంగానే అన్నాను. పిల్ల లోపల మూలుగుతుంటే గర్వంగా అన్నాను.

ఆయన తాజున్నీసా వైపు తిరిగి, లీదియా నీకు ఇది చెప్పలేదా అని అడిగాడు.

ఆమె నా మొహం చూసింది.  ఇక అయిపోయింది అనుకున్నాను. అప్పుడు, అక్క చెప్పకుంట ఉండదు సాబ్, అక్క సంగతి నాకెరుక, చెప్పే ఉంటది అన్నది. రోజాల నా తలకాయ సోయిల ఉంటలేదు సాబ్, నేనే మరిచిన, నాదే తప్పు అన్నది.

నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పిందేమో అనుకున్నాను. కాదు. ఆ కళ్ళు చూశాను. నిజంగానే నమ్మింది. నేను చెప్పకుండా ఉంటానని ఆమెకు తోచనే లేదు.

ఆ తప్పు ఆమె మీదే ఉండనిచ్చి, బేసిన్ కడగడానికి పోయాను.

అక్టోబరు 10, శుక్రవారం

సెలవు. శ్యామలమ్మ ఏమైంది బిడ్డా అని రెండుసార్లు అడిగింది. తలనొప్పి అన్నాను. మీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

అక్టోబరు 13, సోమవారం

తాజున్నీసాను కిటికీ నుంచి తీసేశారు. ఊడవడం, బేసిన్లు కడగడం, అంతే. మందుల దగ్గరికి రాకూడదు. కిటికీలో మళ్ళీ నేను. నా కుర్చీ కూడా అక్కడికే జరుపుకున్నాను.

ఇదే కదా నాకు కావలసింది. కిటికీ అవతల కనిపించే మొహాలన్నీ నా వెనక్కి చూస్తున్నాయి, ఆమె ఎక్కడ అని.

మధ్యాహ్నం చీపురు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. గా మాట ఇంకొక్కపారి చెప్పవా అక్క, నువ్వు చెప్పిందే, ఈపారి మరువ అన్నది. చెప్పాను. పెదవులు కదిలిస్తూ అప్పజెప్పింది. ఊడుస్తూ, నీళ్ళు మోస్తూ, నమాజు చదివినట్టు అదే అనుకుంటోంది.

అక్టోబరు 16, గురువారం

బుచ్చి లేచి కూర్చుంది. గంజి తాగింది. జ్వరం లేదు.

భూలక్ష్మి వెనక నుంచి పేరు పెట్టి పిలిచింది. పిల్ల తిరగలేదు. గట్టిగా పిలిచింది. తిరగలేదు. నేను బేసిన్ మీద చెంచాతో కొట్టాను. తిరగలేదు. కొయినా ఎక్కువైతే చెవులు మూసుకుపోతాయి, మెల్లగా వస్తుంది, రాకపోవచ్చు కూడా అన్నాడు డాక్టర్ సాబు. భూలక్ష్మి నా కాళ్ళ మీద పడి, నువ్వన్న చెప్పు తల్లీ, వస్తది గద అన్నది.

తాజున్నీసా ఆ పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. రోజా విడిచే ఇఫ్తార్ వేళ దాటినా లేవలేదు.

అక్టోబరు 18, శనివారం

చెప్పేశాను.

డాక్టర్ సాబు ఒక్కడే ఉన్నప్పుడు లోపలికి పోయాను. పొరపాటుకు తావు లేకుండా ఉర్దూలోనే చెప్పాను. సాబ్, నేను ఆమెకు ఆ మాట చెప్పలేదు, ఆమె అడిగింది, అయినా చెప్పలేదు, తప్పు నాది, ఆమెది కాదు అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నన్నే చూశాడు. నా నౌకరీలో చాలామందిని చూశాను, తన తప్పు పక్కవాడి మీద తోసేవాళ్ళే అందరూ, పక్కవాళ్ళ తప్పు తన మీద వేసుకునే మనిషిని ఈ రోజు చూస్తున్నాను అన్నాడు. ఆ పిల్ల నౌకరీ పోతుందని భయపడుతున్నావు కదా, పోదులే అన్నాడు. నీ మనసు ఇంత పెద్దదని నాకు తెలియదు, శాబాష్ లీదియా అన్నాడు.

కాదు సాబ్, నిజంగానే అన్నాను. చాలు చాలు, నాకు అర్థమైంది, ఇంక ఈ మాట ఎత్తకు, ఎవరి పేరు రాయాలో కూడా నాకు తెలిసిపోయింది అన్నాడు.

మూడోసారి చెప్పొచ్చు. తలుపు తెరిచే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు.

అప్పుడు నాకేమనిపించిందో ఇక్కడైనా దాచను. సంతోషం. ఐదేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం కాచుకున్న చెవి కదా. వినగానే ఒళ్ళంతా చల్లబడింది. దేవుడా, నిజంగా సంతోషమే. షుక్రియా సాబ్ అని బయటికి వచ్చేశాను.

అక్టోబరు 23, గురువారం

రంజాన్ పండుగ.

బేగం సాబా షీర్ ఖుర్మా పంపింది. లాల్ మహమ్మద్ గిన్నె తెచ్చి తిన్నగా నా ముందు పెట్టాడు. ముందు నీకే ఇయ్యమన్నరు బిడ్డా, సాబ్ హుకుం అన్నాడు. వరుస తిరిగి వచ్చింది.

సాయంత్రం తాజున్నీసా ఇంటికి వచ్చింది. చేతిలో చిన్న గిన్నె, అందులోనూ షీర్ ఖుర్మానే, బెల్లంతో చేసింది. నన్ను కౌగలించుకుంది. పండుగ రోజు వీళ్ళు ఒకరినొకరు మన్నింపు అడుగుతారు. అన్నది విన్నది మాఫ్ చెయ్యక్క, నా మతిమరుపుకు నువ్వు సుత సాబ్ ముందట నిలబడాల్సి వచ్చింది అన్నది.

మాఫ్ చేశానని చెప్పాలట. లేకపోతే కదలదట.

చెప్పాను.

అక్టోబరు 29, బుధవారం

దేవిడీకి నా పేరే పంపారు.

నవంబరు 8, శనివారం

రేపు పొద్దున బస్సు. ట్రంకు కట్టేశాను.

ఇవాళ ఆఖరి డ్యూటీ. కిటికీలో కూర్చుని ఒక్కరిని కూడా వదలకుండా చెప్పాను. ఇది తాయెత్తు గాదు, పీకొద్దు, ఒక గాటుకు ఒక్కపారి. అందరూ తల ఊపారు. సీసా తీసుకుని, మెట్లు దిగి, చీపురుతో నిలబడ్డ తాజున్నీసా దగ్గరికి పోయి మళ్ళీ అడిగారు. ఆమె చీపురు చంకలో పెట్టుకుని అదే మాట మళ్ళీ చెప్పింది. ఆమె చెబితే నవ్వారు.

భూలక్ష్మి బుచ్చిని తెచ్చింది. టానిక్. పిల్లకు ఇంకా వినబడటం లేదు. తాజున్నీసా మెట్ల మీద కూర్చుని, పట్టీ మీద గాటు చూపింది. ఒక వేలు ఎత్తింది. దారం కట్టినట్టు చేతి మీద చూపి, అడ్డంగా తల ఊపింది. బుచ్చి కూడా ఒక వేలు ఎత్తింది.

అది నా మాట.